వాల్‌నట్ చెట్టు, కుక్క, ఆడది: ఇంగ్లిష్ సామెతల వెనక కథలు

జాన్ రే కమ్మరి కొడుకు. ఊరు ఇంగ్లాండ్‌లో ఎసెక్స్ ప్రాంతపు బ్లాక్ నాట్లీ. తల్లికి ఆకుపసర్ల వైద్యం తెలుసు. కొడుకు కేంబ్రిడ్జిలో చదివి పెద్ద వృక్షశాస్త్రవేత్త అయ్యాడు. కేంబ్రిడ్జి చుట్టుపక్కల మొలిచే మొక్కలన్నిటికీ 1660లో జాబితా కట్టాడు. తర్వాత అదే చేత్తో సామెతలు కూడా ఏరి, 1670లో ఇంగ్లిష్ సామెతల సంకలనం ఒకటి అచ్చు వేయించాడు. అప్పటికి ఆయనకు ఇంకా పెళ్ళి కాలేదు.

ఆ సంకలనంలో ఒకచోట రే ఆగి, తన సొంత మాట రాసుకున్నాడు. "ఇంగ్లాండ్ ఆడవాళ్ళకు స్వర్గం" అన్న నానుడి దగ్గర. నిజమే, సముద్రం మీద వంతెన వేస్తే యూరప్‌లోని ఆడవాళ్ళంతా ఇక్కడికే వచ్చేస్తారని జనం అంటుంటారు, అన్నాడు. పెళ్ళాల మీద ఇంత మోజు, పెళ్ళాల మాటకు ఇంత లొంగుబాటు ఉన్న మగవాళ్ళు ఏ దేశంలోనూ లేరని కూడా ఒప్పుకున్నాడు. ఆపైన ఒక ముక్క చేర్చాడు: అయినా సరే, ఆడవాళ్ళను తిట్టే సామెతలు ఇన్ని ఉన్న భాష మరొకటి లేదు.

ఆయన అన్ని భాషలూ తిరగేసి లెక్క తేల్చాడని కాదు. తెలుగు సామెతలు నాలుగు వినిపించి ఉంటే తీర్పు మార్చుకునేవాడేమో కూడా. కానీ ప్రశ్న మాత్రం గట్టిది. స్వర్గంలో ఇన్ని తిట్లేమిటి?

ఆ స్వర్గం సంగతి కూడా చూడాలి. పూర్తి సామెత ప్రకారం ఇంగ్లాండ్ ఆడవాళ్ళకు స్వర్గం, గుర్రాలకు నరకం, నౌకర్లకు ఆ రెండింటికీ మధ్యలో ఉండే శుద్ధిలోకం. అదే దేశంలో పెళ్ళయిన ఆడదానికి చట్టం ముందు విడిగా ఉనికి లేదు. భార్యాభర్తలు ఒకే వ్యక్తి, ఆ వ్యక్తి భర్త. పెళ్ళి నడుస్తున్నంత కాలం స్త్రీ చట్టపరమైన ఉనికి నిలిచిపోతుందని న్యాయశాస్త్ర పండితుడు బ్లాక్‌స్టోన్ 1765లో సూటిగానే రాశాడు. సంపాదించిన కూలి తనదే అనిపించుకోవడానికి ఇంగ్లిష్ ఇల్లాలు 1870 దాకా, ఆస్తి మీద పూర్తి హక్కు కోసం 1882 దాకా ఆగాల్సి వచ్చింది. స్వర్గం అంత ఖరీదు.

రే సంకలనంలో ఉన్న అపఖ్యాతి పాలైన సామెత ఇది: స్పానియల్ కుక్క, ఆడది, వాల్‌నట్ చెట్టు, ఎంత కొడితే అంత బాగుపడతాయి. ఇంగ్లిష్‌లో 'ట్రీ'కి 'బీ'తో అంత్యప్రాస కుదిరింది. సామెతలో ప్రాసే సాక్ష్యం, తీర్పు రెండూ. "ఎందుకని?" అని అడిగే వ్యవధి ఇవ్వకుండా మాట చెవిలోకి దిగిపోతుంది.

ఈ సామెత ఇంగ్లాండ్‌లో పుట్టింది కూడా కాదు. మధ్యయుగపు లాటిన్‌లో కుక్క స్థానంలో గాడిద ఉంది. ఇటలీ రచన ఒకటి 1581లో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడూ గాడిదే. అంటే జంతువు మారింది, చెట్టు మారలేదు, ఆడది మారలేదు. చెట్టు ఎందుకు మారలేదంటే అక్కడ నిజంగానే ఒక తోటపని ఉంది. వాల్‌నట్ కాయలను పొడుగాటి కర్రలతో కొట్టి రాలుస్తారు. ఆ దెబ్బలకు పొడుగు రెమ్మలు విరిగి, పక్కన పొట్టి రెమ్మలు పుట్టి, వచ్చే ఏడు కాపు పెరుగుతుందని రైతుల నమ్మకం. గాడిద కొడితే కదులుతుంది, అది బండివాడి అనుభవం. ఈ రెండు అనుభవాల మధ్య మూడోదాన్ని ఇరికిస్తే అది కూడా అనుభవమే అనిపిస్తుంది. కిటుకు అంతా ఆ ఇరికించడంలోనే ఉంది. మన పాత పద్యాలూ నానుడులూ ఇలా మూడింటిని ఒక వరసలో పేర్చే పద్ధతిని ఎంత వాడుకున్నాయో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా అవసరం. 'రూల్ ఆఫ్ థంబ్' అనే మాట గురించి ఇంటర్నెట్‌లో ఒక కథ తిరుగుతుంటుంది. బొటనవేలి కంటే లావు లేని కర్రతో భార్యను కొట్టవచ్చని ఇంగ్లిష్ చట్టం ఉండేదనీ, ఆ మాట అక్కడ పుట్టిందనీ. అలాంటి చట్టం లేదు. వేలితో ఉజ్జాయింపుగా కొలిచే పనివాళ్ళ అలవాటు నుంచి వచ్చిన మాట అది, 17వ శతాబ్దంలోనే వాడుకలో ఉంది. 1782లో బుల్లర్ అనే జడ్జి కర్ర లావు గురించి ఏదో అన్నాడని పుకారు పుట్టి, కార్టూనిస్టులు ఆయనకు 'జడ్జి థంబ్' అని పేరు పెట్టి ఆడుకున్నారు. కొట్టడం జరగలేదని కాదు. భార్యను 'మితంగా దండించే' హక్కు పాత చట్టంలో భర్తకు ఉండేదని బ్లాక్‌స్టోనే రాశాడు. నిజమైన సాక్ష్యం ఇంత ఉండగా లేనిదాన్ని కల్పించుకోవడం దేనికి?

ఇంగ్లిష్ సామెతలు ఆడదానిలో అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకున్నది ముఖాన్ని కాదు, నాలుకను. గొర్రెపిల్ల తోకలా ఆడుతుందట. ఆడదాని ఒంట్లో చిట్టచివర చచ్చేది నాలుకేనట. ముగ్గురు ఆడవాళ్ళూ ఒక బాతూ ఉంటే సంత అయిపోతుంది. ఆడవాళ్ళూ బాతులూ ఉన్నచోట గోలకు కొదవలేదు. బాతు గోల ఎరిగినవాళ్ళకు ఈ పోలిక నవ్వు తెప్పిస్తుంది, అందుకే బతికింది. "తెలియని సంగతినైతే ఆడది కడుపులో దాచుకుంటుంది" అన్నది ఇంకాస్త గడుసు సామెత. షేక్‌స్పియర్ నాటకంలో హాట్‌స్పర్ యుద్ధానికి బయల్దేరుతూ భార్యతో అనే మాట సరిగ్గా ఇదే: నీకు తెలియనిది నువ్వు బయటపెట్టవని నాకు నమ్మకముంది, కాబట్టి నీకేమీ చెప్పను. మనకు ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదు. దాని వెనక ధర్మరాజు శాపం ఉంది. కర్ణుడు తన కొడుకని అతను చనిపోయేదాకా కుంతి తమ దగ్గర దాచినందుకు, ఇకపై ఆడవాళ్ళ నోట రహస్యం దాగకూడదని శపించాడట. ఒక ఆడది రహస్యాన్ని అంత గట్టిగా దాచగలిగిందన్న కథ నుంచి, ఆడది రహస్యం దాచలేదన్న సామెత పుట్టింది! ఈ తలకిందులు వ్యవహారం ఇంగ్లిష్ సామెతల్లో ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది.

"ఆడదానికి ఒక నాలుక చాలు" అనేది ఇంకో సామెత. ఇంగ్లిష్‌లో 'టంగ్' అంటే నాలుకా, భాషా రెండూ. అంటే మాట తగ్గించుకో, చదువు కూడా తగ్గించుకో. కవి మిల్టన్ ఈ మాట అనేవాడని చెబుతారు. 1652 నాటికి ఆయనకు పూర్తిగా చూపు పోయింది. కూతుళ్ళ చేత హీబ్రూ, గ్రీకు, లాటిన్ లాంటి భాషల పుస్తకాలు చదివించుకునేవాడు. అక్షరాలు పలకడం మాత్రం నేర్పించాడు, అర్థం నేర్పించలేదు. తమకు అర్థం కాని వాక్యాలను ఆ అమ్మాయిలు గంటల తరబడి పైకి చదువుతూ కూర్చునేవాళ్ళని ఆయన మేనల్లుడు రాసిపెట్టాడు. రెండో నాలుక ఉంది, కానీ అది నాన్నది.

సామెత నవ్వుతూ చెప్పినదాన్ని ఊరు నవ్వకుండా అమలు చేసింది. ఇంగ్లిష్ చట్టంలో 'కామన్ స్కోల్డ్' అనే నేరం ఉండేది. ఇరుగుపొరుగుతో అస్తమానూ గొడవపడే గయ్యాళి అని అర్థం. చట్టం వాడిన లాటిన్ పదం స్త్రీలింగంలోనే ఉంది కాబట్టి ఈ నేరం ఆడవాళ్ళు మాత్రమే చేయగలరని బ్లాక్‌స్టోన్ వివరించాడు. వ్యాకరణమే నేరస్థుల్ని తేల్చేసింది. శిక్ష ఏమిటంటే, పొడుగాటి దూలం చివర కుర్చీ, అందులో కూర్చోబెట్టి కట్టి చెరువులోనో ఏటిలోనో ముంచడం. హియర్‌ఫర్డ్‌షైర్‌లోని లెమ్‌స్టర్ ఊరి చర్చిలో అలాంటి కుర్చీ ఒకటి ఇప్పటికీ ఉంది. చక్రాల మీద నిలబెట్టిన మొరటు కొయ్య, ఎత్తడానికీ దించడానికీ వీలుగా ఏతం మానులా పొడుగాటి దూలం. ఊరంతా తిప్పి తర్వాత నీళ్ళ దగ్గరకు తీసుకుపోయేవాళ్ళు. దాన్ని 1809లో జెన్నీ పైప్స్ అనే ఆమె మీద వాడారు. ఆమె నీళ్ళలోంచి పైకి లేవగానే మళ్ళీ తిట్లు అందుకుందని ఊళ్ళో చెప్పుకుంటారు. 'కామన్ స్కోల్డ్' నేరం ఇంగ్లాండ్ చట్టం నుంచి పోయింది 1967లో. అప్పటికి బీటిల్స్ పాటలు కూడా వచ్చేశాయి.

ఇంతకీ ఆడవాళ్ళు నిజంగా అంత ఎక్కువ మాట్లాడతారా? అమెరికా, మెక్సికోల్లో దాదాపు 400 మంది కాలేజీ విద్యార్థుల మాటలను చిన్న రికార్డర్లతో లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2007లో వచ్చింది. రోజుకు ఇద్దరూ దాదాపు 16 వేల మాటల దగ్గరే తేలారు. ఇంకా ఎక్కువమందితో తర్వాత చేసిన పరిశీలనలో నడివయసు ఆడవాళ్ళు మాత్రం కొంచెం ఎక్కువ మాట్లాడినట్టు కనబడింది. పిల్లల్ని పెంచే వయసు అది, అన్నం తిను, హోంవర్క్ చెయ్యి అని వందసార్లు అనాల్సిన వయసు. సామెతకు ఈ లెక్కలతో పనిలేదు. ఆస్తి, ఓటు, పదవి, చదువు ఏదీ లేని మనిషి చేతిలో మిగిలిన ఒకే ఒక ఆయుధం మాట. ఎదుటివాళ్ళకు భయం పుట్టేది ఆయుధం ఉన్నచోటే. రే ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడ ఉంది.

మిగతా సగం కోసం కొన్ని సామెతలను అవి తెగిపడిన చోటుకు తిరిగి తీసుకెళ్ళాలి.

"మౌనమే ఆడదానికి ఆభరణం" అనే మాటను 16వ శతాబ్దపు ఇంగ్లిష్ పండితులు గ్రీకు నుంచి తెచ్చుకున్నారు. దాని పాత చిరునామా సోఫోక్లిస్ నాటకం 'అయాక్స్'. అర్ధరాత్రి గ్రీకు వీరుడు అయాక్స్ కత్తి పట్టుకుని బయల్దేరతాడు. ఎవరూ పిలవలేదు, యుద్ధభేరీ మోగలేదు, ఈ వేళప్పుడు ఎక్కడికి అని అడుగుతుంది అతని దగ్గర చెరలో ఉండి భార్యలా మెలిగే టెక్మెస్సా. దానికి అతను చెప్పిన జవాబే ఇది: ఆడదానా, ఆడవాళ్ళకు మౌనమే అలంకారం. ఆమె నోరు మూసుకుంటుంది. అతను వెళ్ళి, మతిపోయిన స్థితిలో, గ్రీకు నాయకులనుకుని పశువుల మందను నరుకుతాడు. తెల్లారి తెలివి వచ్చాక ఆ అవమానం భరించలేక చచ్చిపోతాడు. అంటే ఆమె అడిగిందే సరైన ప్రశ్న. అంతకంటే ముఖ్యం, ఈ మాట నాటకంలో మనకు వినబడేది టెక్మెస్సా నోటే. జరిగింది చెబుతూ, "ఎప్పుడూ పాడే పాటే పాడాడు" అని విసుగ్గా అంటుంది. అంటే రెండున్నర వేల ఏళ్ళ కిందటే అది అరిగిపోయిన మాట. పిచ్చెక్కినవాడు అన్నది, ఆడది ఎత్తిపొడుస్తూ చెప్పింది. అరిస్టాటిల్ దాన్ని మాత్రం సూక్తిలా ఎత్తి రాశాడు. అక్కడి నుంచి అది బడిపిల్లల కాపీపుస్తకాల దాకా వచ్చింది.

ఆడదాని మనసు గాలివాటం అన్న సామెతలకు ఇంగ్లిష్‌లో లెక్కలేదు. చలికాలపు గాలి, ఆడదాని బుద్ధి తరచూ మారతాయట. వీటన్నిటికీ పెద్దన్న రోమన్ కవి వర్జిల్ కావ్యంలోని ఒక పాదం: ఆడది ఎప్పుడూ చంచలమే. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారు? డైడో రాణి ప్రేమించి, తన రాజ్యంలో చోటిచ్చిన ఈనియాస్ ఆమెను వదిలి ఓడెక్కాడు. ఓడలో నిద్రపోతుంటే మెర్క్యురీ దేవుడు కలలోకి వచ్చి, త్వరగా పారిపో, ఆడదాన్ని నమ్మకు, ఆమె చంచలం అంటాడు. మాట తప్పి వెళ్ళిపోతున్నది మగవాడు. మారనిది ఆమె ప్రేమ, చితి ఎక్కేదాకా మారలేదు. చంచలం అనే ముద్ర మాత్రం ఆమెకే పడింది.

ఇక అందరికీ తెలిసినది, తెలుగు సినిమా రివ్యూల్లో కూడా కనబడేది: హెల్ హ్యాత్ నో ఫ్యూరీ లైక్ ఎ ఉమన్ స్కార్న్‌డ్. తిరస్కారానికి గురైన ఆడదాని కోపం ముందు నరకం కూడా దిగదుడుపే అని. దీన్ని షేక్‌స్పియర్ ఖాతాలో వేస్తుంటారు, పొరపాటు. విలియం కాంగ్రీవ్ 1697 నాటి నాటకంలో జారా అనే బందీ రాణి అనే మాట. మూలంలో ఇది రెండు పాదాలు. మొదటిది: ద్వేషంగా మారిన ప్రేమ లాంటి ఆగ్రహం స్వర్గంలోనూ లేదు. ఇందులో ఆడా లేదు, మగా లేదు. ప్రేమ విరిగితే ఎవరైనా అంతే. రెండో పాదంలోనే ఆడది, నరకం వస్తాయి. జనం మొదటిదాన్ని పారేసి రెండోదాన్ని ఉంచుకున్నారు. మనిషి గురించిన సగాన్ని కోసేసి ఆడదాని గురించిన సగాన్ని మిగుల్చుకోవడం, సామెతల తయారీ విధానం ఇంతకంటే తేటగా ఇంకెక్కడా దొరకదు.

వ్యాకరణం కూడా ఇందులో చేయి వేసింది. ఇంగ్లిష్ సామెతల్లో 'మ్యాన్' అంటే చాలావరకు మనిషి. పెందలాడే పడుకుని లేస్తే 'మ్యాన్' ఆరోగ్యంగా ఉంటాడు, ఒక 'మ్యాన్' తిండి ఇంకొకరికి విషం. అతను ఆకలి, కష్టం, అదృష్టం, కాలం అన్నిటి గురించీ సామెతల్లో తిరుగుతాడు. 'ఉమన్' వచ్చిందంటే మాత్రం సామెత ఆమె గురించే. ఆమె ఏదైనా పని చేస్తూ తారసపడదు, పరీక్షకు నిలబెట్టినట్టు వస్తుంది.

పెళ్ళి సంతలో అయితే సరుకుగా వస్తుంది. "కూతుళ్ళూ చచ్చిన చేపలూ నిలవ ఉంచే సరుకు కాదు" అని థామస్ ఫుల్లర్ 1732 నాటి సంకలనంలో ఉంది. "కొడుక్కి ఇష్టమైనప్పుడు పెళ్ళి చెయ్యి, కూతురికి కుదిరినప్పుడు చెయ్యి" అన్నది జార్జ్ హెర్బర్ట్ పోగుచేసిన సామెతల్లో, 1640లో. "ఇద్దరు కూతుళ్ళూ ఒక దొడ్డితలుపూ, ముగ్గురూ గజదొంగలే" అని రే రాసుకున్నాడు. కట్నం పెట్టి పంపాల్సినవాళ్ళు ఇద్దరు, పనివాళ్ళు సరుకు దాటించే తలుపు ఒకటి. ఈ సామెతకు తెలుగులో వివరణ అక్కర్లేదు, అద్దంలో చూసుకున్నట్టే ఉంటుంది. పెళ్ళికాకుండా మిగిలిపోయిన ఆడది చచ్చాక నరకంలో కోతులను నడిపించుకుంటూ పోవాలట. ఇదొక్కటీ ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు, కానీ షేక్‌స్పియర్ రెండు నాటకాల్లో వాడేశాడు.

ఒకచోట మాత్రం ఇంగ్లిష్ మన దారికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. "పెళ్ళయ్యేదాకా కొడుకు నా కొడుకు, బతికినంత కాలం కూతురు నా కూతురే" అని రే సంకలనంలోనే ఉంది. మన దగ్గర ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే, 'ఈడ' పిల్ల కాదని పెద్దవాళ్ళు విడమరిచి మరీ చెబుతారు. తేడా మనసుల్లో లేదు, ఇళ్ళలో ఉంది. ఇంగ్లాండ్‌లో పెళ్ళయిన జంట వేరు కాపురం పెట్టేది. కొడుకు విడిపోయేవాడు, కూతురు వస్తూ పోతూ ఉండేది. అందుకే అక్కడి సామెతల్లో గొడవంతా మొగుడికీ పెళ్ళానికీ. ఒకే కప్పు కింద బతికిన మన సామెతల్లో గొడవ అత్తకూ కోడలికీ. "అత్త లేని కోడలు ఉత్తమురాలు" లాంటి మాటలు మన దగ్గర బోలెడు. అత్త కూడా ఒకింటి కోడలే అన్న మాట మాత్రం ఇంగ్లిష్‌లోనూ ఉంది, తను ఒకప్పుడు కోడలినన్న సంగతి అత్తకు గుర్తుండదని.

తిట్ల మధ్య ఇంకో గొంతు కూడా వినిపిస్తుంది. "బాగుపడాలనుకున్నవాడు ముందు పెళ్ళాన్ని అడగాలి" అన్నది పాత సామెత. ఇందులో ప్రేమ కంటే లెక్క ఎక్కువ. ఆనాటి పల్లెటూరి ఇంట్లో పాడి, వెన్న, జున్ను, బీరు కాచడం, నూలు వడకడం, కోళ్ళు, బాతులు ఆమెవే. చేతికి చిల్లర వచ్చేది చాలావరకు వాటి మీదే. ఆమె సహకారం లేకుండా రైతు పైకి రాలేడు. థామస్ టస్సర్ అనే రైతు కవి 16వ శతాబ్దంలో రాశాడు: వానో మంచో పడితే మొగుడికి కాస్త తీరిక దొరుకుతుంది, ఇల్లాలి పనికి మాత్రం అంతం లేదు. అదే తర్వాత "ఎ ఉమన్స్ వర్క్ ఈజ్ నెవర్ డన్" అయింది. ఆడదాని గురించిన సామెతల్లో ఆడవాళ్ళు తాము కూడా అలసటతో అనుకోగలిగిన కొద్దిపాటి సామెతల్లో ఇదొకటి.

పొగిడే సామెతలు ఎక్కువగా కొత్తవి, తీపివి, కాస్త అనుమానించాల్సినవి. ఉయ్యాల ఊపే చేయే ప్రపంచాన్ని ఏలుతుంది అన్నది అమెరికా కవి విలియం రాస్ వాలెస్ 1865లో రాసిన పద్యంలోది. మన స్కూళ్ళలో మహిళా దినోత్సవం రోజున బోర్డు మీద రాసేది ఇదే. ఇంట్లో కూర్చుని ప్రపంచాన్ని ఏలుతున్నారు కదా, మళ్ళీ ఓటెందుకు అన్నది ఆ రోజుల్లో ఓటు హక్కును ఎదిరించినవాళ్ళ వాదన. ఉయ్యాల ఊపిన చేతికి బ్యాలెట్ పట్టుకునే హక్కు అమెరికా అంతటా వచ్చింది 1920లో. ప్రతి గొప్ప మగవాడి వెనకా ఒక స్త్రీ ఉంటుంది అన్నదాంట్లో 'వెనక' అన్న మాట చాలు, ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఈ సామెతలను పోగుచేసి రాసినవాళ్ళు ఎవరు? 1546లో మొదటి పెద్ద ఇంగ్లిష్ సామెతల గుచ్ఛం అచ్చు వేసిన జాన్ హేవుడ్, ఆ తర్వాత హెర్బర్ట్, రే, ఫుల్లర్, అందరూ మగవాళ్ళే, చర్చికో యూనివర్సిటీకో ఆస్థానానికో దగ్గరివాళ్ళు. మగపిల్లలు మాత్రమే చదివే లాటిన్ బళ్ళలో సామెతలు అనువాదం పాఠాలు. గయ్యాళి పెళ్ళాం మీద వాక్యం రాయడం పదేళ్ళ పిల్లాడికి హోంవర్క్. పెళ్ళంటే ఏమిటో తెలియకముందే అభిప్రాయం కంఠతా వచ్చేది.

ఈ సంగతిని చాలా ముందే పట్టుకున్నవాడు 14వ శతాబ్దం చివర ఇంగ్లిష్ కవి చాసర్. ఆయన కథల్లోని బాత్ ఊరి ఇల్లాలికి అయిదో మొగుడు జాంకిన్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, ఆమె కంటే ఇరవై ఏళ్ళు చిన్న. నేల మీద మొలిచే గడ్డిపోచల కంటే ఎక్కువ సామెతలు అతనికి వచ్చునని ఆమే చెబుతుంది. చెడ్డ పెళ్ళాల కథలన్నీ కలిపి కుట్టిన పుస్తకం ఒకటి అతని దగ్గర ఉంది. రోజూ రాత్రి చలిమంట పక్కన కూర్చుని పైకి చదివి నవ్వుకుంటాడు. సణిగే పెళ్ళాంతో కింద ఉండేకన్నా ఇంటికప్పు మీద ఉండటం మేలు. శీలం లేని అందగత్తె పంది ముక్కుకు బంగారు రింగు. ఒక రాత్రి ఆమెకు ఓపిక నశించింది. చేయి చాచి పుస్తకంలోంచి మూడు కాగితాలు చించి, చెంప మీద ఒకటి ఇచ్చింది. అతను వెనక్కి మంటలో పడ్డాడు. లేచి ఆమె తల మీద కొట్టాడు, ఆ దెబ్బకు ఆమెకు ఒక చెవి వినబడకుండా పోయింది. చివరికి రాజీ కుదిరి, ఆ పుస్తకాన్ని అతని చేతనే కాల్పించింది. ఆమె అడిగే ప్రశ్న అంతకంటే పదునైనది: సింహం బొమ్మ గీసిందెవరు? మనిషి సింహాన్ని చంపుతున్న బొమ్మను చూసి, సింహం గీసి ఉంటే వేరేగా ఉండేదన్న ఈసప్ కథ అది. ఆడవాళ్ళు కథలు రాసి ఉంటే మగవాళ్ళ పాపాలు ఎన్ని బయటపడేవో అంటుంది. ఆ మాటలు కూడా ఒక మగవాడే రాశాడనుకోండి, ఆ చిక్కు వేరే.

ఆడవాళ్ళ సామెతలు అసలు లేవా? ఉన్నాయి, వాటిలో 'ఉమన్' కనబడదు. చూస్తూ కూర్చుంటే కుండ పొంగదు, వంటవాళ్ళు ఎక్కువైతే పులుసు చెడుతుంది, వేళకు వేసిన ఒక కుట్టు తొమ్మిది కుట్లను మిగులుస్తుంది. పొయ్యి దగ్గరా సూది దగ్గరా గంటల తరబడి కూర్చున్నవాళ్ళకే ఇవి తడతాయి. ఎవరు పుట్టించారో కాగితం మీద రుజువు ఉండదు. కానీ పని ఎవరిదో తెలుసు కదా.

20వ శతాబ్దంలో సామెతలను తిరగేయడం మొదలైంది. ఆడదాని చోటు ఇల్లే అన్న పాత మాటను 1970లో అమెరికాలో బెల్లా అబ్జుగ్ ఎన్నికల నినాదంగా తిప్పికొట్టింది: ఈ ఆడదాని చోటు 'హౌస్'లోనే, ప్రతినిధుల సభలో. గెలిచింది కూడా. అదే ఏడు ఆస్ట్రేలియాలో ఇరినా డన్ అనే విద్యార్థిని సిడ్నీలో రెండు టాయిలెట్ తలుపుల వెనక ఒక వాక్యం రాసింది: మగవాడు లేని ఆడది, సైకిల్ లేని చేప లాంటిది. తర్వాత అది అమెరికా స్త్రీవాది గ్లోరియా స్టైనమ్ పేరు మీద లోకమంతా తిరిగింది. ఆ మాట తనది కాదని ఆమే 2000లో ఒక పత్రికకు ఉత్తరం రాసి డన్ పేరు చెప్పింది.

ఈ కొత్త సామెతలకు కూడా పాత జబ్బు అంటుకుంటుంది. "బుద్ధిగా ఉండే ఆడవాళ్ళు చరిత్రలోకి ఎక్కడం అరుదు" అని టీషర్టుల మీద, కాఫీ కప్పుల మీద కనబడుతుంటుంది, అల్లరి చెయ్యండమ్మా అన్న అర్థంలో. దీన్ని రాసింది చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిచ్, 1976లో. పాత అమెరికా ప్యూరిటన్ చర్చిల్లో ఆడవాళ్ళు చనిపోయినప్పుడు చేసిన ప్రసంగాల మీద పరిశోధన వ్యాసం అది. బుద్ధిగా బతికి, పిల్లల్ని కని, ప్రార్థన చేసి పోయిన మామూలు ఆడవాళ్ళను చరిత్రకారులు పట్టించుకోలేదన్నది ఆమె బాధ. వాళ్ళను వెతికి చరిత్రలోకి తేవాలన్నది ఉద్దేశం. వాక్యం వ్యాసంలోంచి తెగి బయటపడగానే ఆ ఆడవాళ్ళ మీదే ఎత్తిపొడుపు అయిపోయింది. టెక్మెస్సాకు జరిగిందే వీళ్ళకూ జరిగింది.

మళ్ళీ జాన్ రే దగ్గరకు. కుక్కనూ ఆడదాన్నీ చెట్టునూ ఒక వరసలో పెట్టిన ఆ సంకలనంలోనే ఇంకో సామెత ఉంది: పెట్టబాతుకు బాగున్న పులుసు పోతుబాతుకూ బాగుంటుంది. నీకో న్యాయం నాకో న్యాయం కుదరదని. దాని పక్కన రే పొడిగా ఒక ముక్క రాసుకున్నాడు, మొక్క పక్కన అది ఎక్కడ దొరికిందో రాసుకున్నట్టు: ఇది ఆడవాళ్ళ సామెత. ఎవరి నోట విన్నాడో చెప్పలేదు. ఇవాళ ఆ మాట అమెరికా కోర్టుల తీర్పుల్లో కూడా కనబడుతుంది, రెండు పక్షాలకూ ఒకే రూలు వర్తించాలని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా. రే రాసిన ఆ ముక్క మాత్రం పక్కన ఉండదు.